మాటలు లేని రేడియో కోసం ఏడాది వెతికా

పోయినేడు వానాకాలంలో ఒక పుస్తకం ప్రూఫులు దిద్దుతున్నా. ఇంటివైద్యం పుస్తకం, 240 పేజీలు, వారంలో ప్రెస్సుకి వెళ్ళిపోవాలని పబ్లిషర్‌గారు రోజూ ఫోన్లు, నేనేమో ఎప్పట్లాగే పక్కన ఫోన్‌లో తెలుగు ఎఫ్ఎం పెట్టుకుని పని చేసుకుంటున్నా. ఒకచోట వెన్నునొప్పి అనే మాటలో ఒత్తు ఎగిరిపోయి "వెనునొప్పి" అని పడింది. దిద్దేశా. దిద్దేశాననే అనుకున్నా. సాయంత్రం రెండో ప్రూఫు చూసే మేడమ్ ఫోన్ చేసి "అమ్మాయ్, 117వ పేజీ ఒకసారి తియ్యి" అన్నారు. తీస్తే అక్కడ "వెన్నెలనొప్పి" అని ఉంది. నా చేత్తో నేను కొట్టిందే. ఆ టైములో ఎఫ్ఎంలో ఏ పాట వస్తోందో గుర్తులేదుగానీ అందులో వెన్నెల ఉండే ఉంటుంది, మన సినిమా పాటల్లో వెన్నెలకేం కొదవ.

మేడమ్ ఏమీ అనలేదు. నాకే మనసు పాడైపోయింది. 14 ఏళ్ళుగా ఇదే పని, ప్రూఫులు, పేజీ మేకప్పు అంటే మాటలూ బొమ్మలూ పేజీలో అమర్చడం, పాత అను ఫాంట్లలో ఉన్న పుస్తకాల్ని ఇప్పుడు అన్ని కంప్యూటర్లూ ఫోన్లూ చదవగలిగే యూనికోడ్‌లోకి మార్చడం, ఇవన్నీ ఇంట్లో కూర్చునే చేస్తా. ఎవరి పుస్తకంలోనైనా అక్షరం తప్పు కనపడితే అన్నంలో రాయి తగిలినట్టే ఉంటుంది నాకు, అలాంటిది ఆ రాయి నేనే వేశానంటే తట్టుకోలేకపోయా, ఆ రాత్రి పడుకోబోయే ముందు మళ్ళీ 1 నుంచి 240 దాకా మొత్తం చూసుకుంటే ఇంకో రెండు దొరికాయి అలాంటివే. ఆ రెండూ పాటల్లోంచి వచ్చి కూర్చున్న మాటలే అని చూడగానే తెలిసిపోయింది.

అసలు ఏమీ పెట్టుకోకుండా చేసుకోవచ్చు కదా అన్నారు మా ఆయన. పది రోజులు అదీ చేశా. మాది విజయవాడలో బాగా రద్దీగా ఉండే వీధి, నిశ్శబ్దం అనేది రాత్రి రెండు తర్వాతే. పగలంతా పై ఫ్లాట్‌లో మార్బుల్ కోసే మిషను, ఎదురింట్లో కుక్కర్ విజిల్సు, కింద కూరగాయల ఆటో రికార్డు చేసిన గొంతుతో "టమాటాలు వంద రూపాయలకి నాలుగు కేజీలు" అని పది నిమిషాలు అక్కడే ఆగి అరుస్తుంటే నేను పేజీలో ఉన్న నాలుగు అనే అంకె చూసి తప్పా ఒప్పా అని రెండుసార్లు చదువుకోవాల్సి వచ్చేది. అంటే చెవి ఖాళీగా ఉంటే వీధి వచ్చి అందులో కూర్చుంటుంది. ఏదో ఒకటి కప్పాలి. ఏది కప్పాలి అన్నదే అసలు సంగతి.

ఇది నా ఒక్కదాని బలహీనతేమో అనుకున్నాగానీ కాదు. సైకాలజీ వాళ్ళు దీని మీద చాలా ఏళ్ళుగా పని చేస్తున్నారు, 1990లో అయితే ఏకంగా ప్రూఫ్ రీడింగ్ మీదే ఒక పరిశోధన పేపర్ వచ్చింది, వెనకాల వినపడే మాట అర్థమయ్యేదైతే తప్పులు పట్టుకోవడం తగ్గుతుందని, అదీ ముఖ్యంగా స్పెల్లింగు తప్పుల దగ్గరేనని, సౌండు కాస్త పెద్దదా చిన్నదా అన్నదాంతో పెద్ద తేడా లేదని తేల్చారు. చదివి ఎంత ఊరట కలిగిందో చెప్పలేను. నేను అప్పటిదాకా వాల్యూమ్ తగ్గిస్తే సరిపోతుంది అనుకుంటూ ఎఫ్ఎంని గుసగుసలాడే స్థాయికి తెచ్చి పెట్టుకున్నా, అది ఇంకా ఘోరం, సరిగ్గా వినపడక చెవి దాని వెనకే పరిగెత్తేది.

తెలుగు ఎఫ్ఎంల మీద నాకేం కోపం లేదు, వంటింట్లో ఉన్నప్పుడు ఇప్పటికీ అవే, ఆర్జేలు ఫోన్ చేసిన వాళ్ళతో మాట్లాడే మాటలు వింటూ కూర తరుగుతుంటే పని చేస్తున్నట్టే ఉండదు. కానీ తెలుగు చదివే పనికి తెలుగు మాట పనికిరాదు. ఒకే దార్లో రెండు బళ్ళు పట్టవు.

యూట్యూబ్‌లో పని కోసం, చదువు కోసం అని గంటల తరబడి ఉండే మిక్సులు పెట్టి చూశా. రెండు ఇబ్బందులు. ఒకటి ప్రకటన, మెత్తగా పియానో నడుస్తుండగా ఉన్నట్టుండి సిమెంటు కంపెనీ ఒకటి చెవిలో పడుతుంది. రెండోది ఇంకా పెద్దది, అయిపోయాక తర్వాత ఏం పెట్టాలో నేనే ఎంచుకోవాలి. ఎంచుకోవడానికి స్క్రీన్ తెరిస్తే పది బొమ్మలు కనపడతాయి, అందులో ఒకటి నొక్కి ఇంకోటి నొక్కి తిరిగొచ్చేసరికి పావుగంట, పైగా ఏ పేజీలో ఏ లైను దగ్గర ఉన్నానో పోతుంది. ప్లేలిస్టు నేను తయారుచేసుకుంటే తర్వాత ఏ పాట వస్తుందో ముందే తెలిసిపోయి మనసు దాని కోసం ఎదురుచూస్తూ కూర్చుంటుంది.

రేడియోలో ఆ గొడవ లేదు. భోజనాల బంతిలో కూర్చుంటే ఎవరో వడ్డించుకుంటూ వెళ్తారు, మనం తలెత్తక్కర్లేదు. పప్పు తర్వాత పులుసు వస్తుందో వేపుడొస్తుందో చూసుకునే బాధ్యత వాళ్ళది. వడ్డించే చెయ్యి మంచిదైతే చాలు. కాబట్టి నాకు కావాల్సింది రేడియోనే, కాకపోతే నాకు అర్థంకాని భాషలోనో, అసలు మాటే లేకుండానో ఉండాలి, ప్రకటనలు ఉండకూడదు, వడ్డించే వాళ్ళకి రుచి తెలిసి ఉండాలి. ఇలా కాగితం మీద రాసుకుని మొదలుపెట్టా.

మొదట పడింది రేడియో గార్డెన్‌లో. తెలియని వాళ్ళకి చెప్తా, నెదర్లాండ్స్ వాళ్ళు 2016లో పెట్టిన సైటు, తెరవగానే భూగోళం కనపడుతుంది, దాని మీదంతా ఆకుపచ్చ చుక్కలు, ఒక్కో చుక్క ఒక ఊరు, భూగోళాన్ని వేలితో తిప్పి ఏ చుక్క మీద ఆపితే ఆ ఊళ్ళో ఆ నిమిషాన నడుస్తున్న రేడియో వినపడుతుంది. మొదటి రోజు నేను పనే చెయ్యలేదు. ఎక్కడో సముద్రం మధ్యలో దీవి, అక్కడ ఎవరో మగాయన తెల్లవారుజామున వాతావరణం చెప్తున్నట్టున్నాడు, భాష ఏంటో తెలీదు, అయినా తుపాను వార్త చెప్పే గొంతు ఎక్కడైనా ఒకేలా ఉంటుందని తీరప్రాంతంలో పుట్టినదాన్ని కాబట్టి పట్టుకోగలిగా. అలా నాలుగు రోజులు తిరిగా. ఎంత బాగుందో చెప్పలేను, కానీ అది ఊళ్ళు తిరగడానికి, కూర్చుని పనిచేసుకోవడానికి కాదు, ఎప్పుడూ పక్క చుక్క పిలుస్తూనే ఉంటుంది. దాని మీద దొరికినవి కాగితం మీద రాసుకుని సైటు మూసేశా.

అలా రాసుకున్నవాటిలో ఇప్పటికీ నాతో ఉన్నది ఫిప్. ఫ్రాన్స్ ప్రభుత్వ రేడియో వాళ్ళది, ప్యారిస్‌లో 1971లో మొదలైంది. దీన్ని ఎలా వర్ణించాలో తెలియట్లేదు. ఒక జాజ్ ముక్క వస్తుంది, దాని చివర పియానో ఏ స్వరం మీద ఆగిందో సరిగ్గా అక్కణ్ణుంచి ఆఫ్రికా వాళ్ళ గిటారు ఎత్తుకుంటుంది, అది సద్దుమణిగేసరికి పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం నాలుగు నిమిషాలు, తర్వాత ఏదో బ్రెజిల్ పాట, అతుకు కనపడదు. మంచి పేజీ మేకప్ చేసినవాళ్ళకి తెలుస్తుంది ఆ పని ఎంత కష్టమో, బొమ్మ, మాట, ఖాళీ ఒకదాన్నొకటి తోసుకోకుండా కూర్చోబెట్టడం. మధ్యమధ్యలో ఒక ఆడమనిషి చాలా మెల్లగా, పక్క గదిలో పిల్లలు నిద్రపోతున్నట్టుగా నాలుగు మాటలు చెప్పి వెళ్ళిపోతుంది. ఆ గొంతులు ఫ్రాన్స్‌లో బాగా ప్రసిద్ధి, వాళ్ళకి ఫిపెట్‌లని పేరే ఉంది. నాకు ఫ్రెంచి ఒక్క ముక్క రాదు కాబట్టి ఆ మాటలు కూడా నాకు సంగీతమే.

ఇంకోటి కూడా నచ్చింది. మనం ఉదయం పదింటికి పనికి కూర్చునేసరికి అక్కడ ఎండాకాలంలో ఆరున్నర, చలికాలంలో అయిదున్నర. అంటే అక్కడి వాళ్ళకి తెల్లారుతుంటుంది. వాళ్ళ తెల్లవారుజాము సంగీతం మన పనివేళకి సరిగ్గా సరిపోతుంది, తొందర ఉండదు అందులో. మనకి మధ్యాహ్నం రెండు దాటాక వాళ్ళ ఊరు లేచి ఉరుకులు మొదలవుతాయి, పాటలూ హుషారవుతాయి, అన్నం తిన్నాక వచ్చే కునుకుని అదే ఆపుతుంది. కాకపోతే ఫిప్‌లో ఇంగ్లీషు పాటలు ఎక్కువే వస్తాయి, ఇంగ్లీషు పుస్తకం చేతిలో ఉన్న రోజు అది పెట్టను.

ఆ రోజులకి సోమా ఎఫ్ఎం. శాన్‌ఫ్రాన్సిస్కోలో రస్టీ హాడ్జ్ అనే ఆయన 2000లో మొదలుపెట్టింది, ఇది రేడియో టవర్ ఉన్న స్టేషన్ కాదు, ఇంటర్నెట్‌లోనే వినాలి. ప్రకటనలు అస్సలు లేవు, వినేవాళ్ళు పంపే డబ్బుతోనే ఇన్నేళ్ళుగా నడుస్తోంది, ముప్ఫై పైగా చానళ్ళు. అన్నిటికంటే పేరున్నది గ్రూవ్ సలాడ్, మెత్తటి తాళంతో నడిచే ఎలక్ట్రానిక్ సంగీతం, మాటలు తక్కువ. డ్రోన్ జోన్ అని ఇంకోటుంది, అందులో తాళం కూడా ఉండదు, తంబురా ఒక్కటే పెట్టుకుని గంటలు కూర్చున్నట్టుంటుంది, యూనికోడ్‌లోకి మార్చిన ఫైలులో అక్షరం అక్షరం పోల్చుకునే పనికి దాన్ని మించింది లేదు, ఎందుకంటే ఆ పనిలో నాకు నా సొంత ఊపు ఒకటి ఉంటుంది, బయటి తాళం దాన్ని చెడగొడుతుంది. పేజీ మేకప్ అయితే గ్రూవ్ సలాడ్ బావుంటుంది, చెయ్యి దానితోపాటు నడుస్తుంది. మిషన్ కంట్రోల్ అని ఒక చానల్ ఉంది, అంతరిక్షంలోకి వెళ్ళినవాళ్ళు భూమ్మీద వాళ్ళతో మాట్లాడే మాటల్ని సంగీతం మీద కలిపి వేస్తారు, నాకు చాలా ఇష్టం కానీ పనిలో పెట్టను, ఎవరో అంత దూరాన్నించి మాట్లాడుతుంటే వినకుండా ఎలా ఉంటాం.

ఈ స్టేషన్ 2002లో కొన్ని నెలలు ఆగిపోయింది, అమెరికాలో ఇంటర్నెట్ రేడియోలు పాటకి ఇంతని కట్టాల్సిన రాయల్టీ రేట్లు చిన్నవాళ్ళు మొయ్యలేనంత పెట్టారని. తర్వాత చిన్నవాళ్ళకి వేరే ఏర్పాటు వచ్చి మళ్ళీ మొదలైంది. అక్కడి చట్టంలోనే ఇంకో నియమం ఉంది, మూడు గంటల్లో ఒకే ఆల్బమ్ నుంచి మూడు పాటలకి మించి, వరసగా రెండుకి మించి వెయ్యకూడదు. అది పాటల కంపెనీల కోసం పెట్టుకున్నదే అయినా పనిచేసుకునే నాలాంటి వాళ్ళకి మాత్రం మేలే, రోజంతా పెట్టుకున్నా ఒకే కూర పదేపదే వడ్డించినట్టుండదు.

డబ్బు పంపుదామని ప్రయత్నించా. మా బ్యాంకు కార్డు మీద విదేశీ చెల్లింపు మూడుసార్లు తిరగ్గొట్టేసింది, బ్రాంచికి వెళ్ళి అడిగితే ఒక ఫారం ఇచ్చారు, ఆ ఫారం ఇచ్చాక పదిహేను రోజులకి ఇంకో ఫారం. చివరికి డాలస్‌లో ఉన్న మా తమ్ముడి చేత కట్టించా, వాడికి ఇక్కడ సంక్రాంతికి అరిసెలు పంపి లెక్క సరిచేశా. ఎందుకింత పట్టుబట్టానంటే రోజుకి ఎనిమిది గంటలు వాళ్ళ చేతి వంట తింటున్నా, ఊరికే తినడం నాకు మింగుడుపడలేదు.

రేడియో ప్యారడైజ్ కూడా అలాంటిదే, అదీ 2000లోనే, భార్యాభర్తలు ఇంట్లోంచి మొదలుపెట్టారు, కాలిఫోర్నియాలో ప్యారడైజ్ అనే ఊళ్ళో, అందుకే ఆ పేరు. నాణ్యత ఏమాత్రం తగ్గించని ఫ్లాక్ అనే ఫార్మాట్‌లో కూడా ఇస్తారు, మంచి హెడ్‌ఫోన్సుంటే తేడా తెలుస్తుంది. కానీ అవి ఎక్కువగా మాటలున్న ఇంగ్లీషు పాటలు కాబట్టి ఆదివారాలకి దాచుకున్నా. స్విట్జర్లాండ్ ప్రభుత్వ రేడియో వాళ్ళకి రేడియో స్విస్ జాజ్, రేడియో స్విస్ క్లాసిక్ అని ఉన్నాయి, కబుర్లు లేవు, ప్రకటనలు లేవు, సంగీతమే. నమ్మకమైన స్నేహితురాలి లాంటివి, ఎప్పుడు పెట్టినా పేచీ పెట్టవు.

ఇన్ని చెప్పాక మన సంగీతం ఏమైంది అని అడుగుతారు కదా. నేనూ అదే అడుక్కున్నా. కర్ణాటక సంగీతం వింటూ పెరిగినదాన్ని, పొద్దున్నే ఆకాశవాణి విజయవాడ స్టేషన్ భక్తిరంజనితో లేచిన ఇల్లు మాది. మరి దాన్ని పక్కనపెట్టి ఫ్రెంచి వాళ్ళ దగ్గరికి ఎందుకెళ్ళాలి.

ఇక్కడే నాకు ఎవరూ చెప్పని సంగతి ఒకటి తెలిసింది. మద్రాసులో నాలాగే పుస్తకాల పనిచేసే స్నేహితురాలు ఒకావిడ ఉంది, తమిళావిడ, రోజంతా కర్ణాటక కచేరీలు పెట్టుకునే ప్రూఫులు దిద్దుతుంది, ఒక్క తప్పు పోదు. నేను అదే పెట్టుకుంటే పేజీ కదలదు. కారణం ఏంటంటే త్యాగరాజస్వామి కీర్తన ఆవిడకి రాగం, నాకు మాట. ఆయన నాతో నా భాషలో మాట్లాడుతున్నాడు, రాముణ్ణి నిలదీస్తున్నాడు, బతిమాలుతున్నాడు, అది విని కూడా పట్టించుకోకుండా నేను "హ్రస్వమా దీర్ఘమా" అని ఎలా చూస్తూ కూర్చోను. అన్నమయ్య, క్షేత్రయ్య, రామదాసు అందరూ అంతే, తెలుగు పని చేస్తున్న తెలుగు మనిషిని లాక్కుపోతారు. దీక్షితార్ కృతులు సంస్కృతం కాబట్టి కొంచెం నయం.

సరే గాత్రం వద్దు వాద్యం పెట్టుకుందాం అనుకున్నా. వీణ పెట్టుకున్నా. అక్కడ ఇంకా విచిత్రం. చిన్నప్పుడు ఎనిమిదేళ్ళు సంగీతం నేర్చుకున్నా, వచ్చిన కృతి వీణ మీద వినపడితే సాహిత్యం లోపల దానంతటదే నడుస్తుంది. మీటు మీటుకీ మాట. వీణలో కూడా మన వాళ్ళు సాహిత్యం పలికేలా మీటడమే గొప్పనుకుంటారు కదా, అంత గొప్పగా వాయించడం నా పనికి అడ్డమైంది. అంటే త్యాగరాజస్వామి పంచరత్నాల్లాంటి బాగా తెలిసినవి వాద్యంలో కూడా పనికిరావు నాకు. ఆలాపన, తానం అయితే పర్వాలేదు, అక్కడ ఎవరి మాటా లేదు, ఉత్త రాగమే. తెలియని కృతి అయినా పర్వాలేదు. ఒకరోజు మా పాలకొల్లు శ్రీనివాస్ మాండొలిన్ తానం పెట్టుకుని 30 పేజీలు ఏకబిగిన దిద్దా, పల్లవి ఎత్తుకోగానే చెయ్యి ఆగింది. ప్రకాశం జిల్లా కరవది నుంచి వెళ్ళి శ్రీరంగంలో స్థిరపడ్డ షేక్ చినమౌలానా గారి నాదస్వరం అయితే ఆలాపన ఎంత సేపున్నా ఆపబుద్ధి కాదు, కానీ అది పని సంగీతం కాదులెండి, గుళ్ళో నిలబడి వినాల్సింది.

అప్పుడు దొరికింది రాగం. ఆకాశవాణి వాళ్ళ 24 గంటల శాస్త్రీయ సంగీతం చానల్ అది, 2016 జనవరి 26న బెంగళూరు నుంచి మొదలైంది, హిందుస్తానీ, కర్ణాటక రెండూ వస్తాయి. ప్రసారభారతి న్యూస్ ఆన్ ఎయిర్ యాప్‌లో ఉంటుంది, అదే యాప్‌లో విజయవాడ, హైదరాబాదు, దేశమంతా కలిపి 200 పైగా ఆకాశవాణి స్టేషన్లు ఉన్నాయి, రూపాయి అక్కర్లేదు. ఇంత నిధి ఫోన్‌లో పెట్టుకుని నేను ప్యారిస్ దాకా తిరిగొచ్చా. రాగంలో హిందుస్తానీ వాద్యం వచ్చినప్పుడు, సరోద్‌గానీ సంతూర్‌గానీ, నా పని కళ్ళకద్దుకోవచ్చు అన్నంత బాగా సాగుతుంది. హిందుస్తానీ గాత్రం, ఖయాల్ అయినా ఇబ్బంది లేదు, రెండు లైన్ల మాటే అరగంట తిప్పుతారు, అదీ నాకు రాని బ్రజ భాష. కర్ణాటక గాత్రం వచ్చినప్పుడు మాత్రం నేను పెన్ను కింద పెట్టేసి ఆ ఒక్క కృతి వినేసి మళ్ళీ మొదలుపెడతా, లేదా స్విస్ జాజ్‌కి మారతా. అలా ఆగి వినడం నష్టం అని నేననుకోను, రెండు గంటలకోసారి లేవమని కళ్ళ డాక్టర్ ఎటూ చెప్పారు.

ఇంకో ముచ్చట చెప్పాలి, అమ్మ సంగతి. అమ్మ మా దగ్గరే ఉంటుంది. ఆవిడకి యాప్ ఎంత చూపించినా ఇష్టం లేదు, వంటింటి కిటికీలో నాన్న కొన్న ట్రాన్సిస్టర్ ఉంది, మీడియం వేవ్ 837 మీద విజయవాడ పెట్టి ముల్లు కదలకుండా దాని మీద రబ్బరు బ్యాండ్ వేసి ఉంచుతుంది. విజయవాడ స్టేషన్ 1948 డిసెంబర్ 1న మొదలైంది, పున్నమ్మతోటలో ఉన్న ఆ ఆఫీసు ముందునుంచి వెళ్ళినప్పుడల్లా అమ్మ ఇప్పటికీ ఆటోలోంచే చెయ్యెత్తి దణ్ణం పెడుతుంది, బాలమురళీకృష్ణ, ఓలేటి, అన్నవరపు రామస్వామి అందరూ పనిచేసిన చోటమ్మా అది అంటుంది. ఒకరోజు పొద్దున్న నేను లాప్‌టాప్‌లో విజయవాడ స్టేషనే పెట్టా, అమ్మ వంటింట్లో అదే స్టేషన్. వంటింట్లో పాట అయిపోయింది, ఇక్కడ ఇంకా చరణంలో ఉంది. వంటింట్లో టైము ఏడు గంటలని చెప్పారు, అరనిమిషం తర్వాత నా దగ్గర చెప్పారు. అమ్మ తలుపు దగ్గరికొచ్చి "ఏమే, నీ రేడియో నా రేడియోని ఎక్కిరిస్తోందేంటి" అంది.

ఎందుకలా అవుతుందంటే గాలిలో వచ్చే మీడియం వేవ్‌కి ఆలస్యం లేదు, నెట్‌లో వచ్చేది ముందు కంప్యూటర్‌లో కుదించి, కొన్ని సెకన్ల ముక్కలు ముక్కలుగా కోసి పంపుతారు, మన ఫోన్ కూడా రెండు మూడు ముక్కలు చేతిలో ఉన్నాకే పాడటం మొదలుపెడుతుంది, మధ్యలో నెట్ తడబడినా పాట ఆగకుండా. కాబట్టి నెట్ రేడియోలో చెప్పిన టైము చూసి గడియారం సరిచేసుకోకండి. అమ్మకి ఇదంతా చెప్తే "అయితే నీకంటే ముందు నాకే తెలుస్తాయన్నమాట వార్తలు" అని సంతోషపడింది. ఆ ట్రాన్సిస్టర్‌లో పక్కింటి ఇన్వర్టర్ ఆన్ అయితే గర్రుమని శబ్దం వస్తుంది, అయినా సరే ఆవిడ మార్చదు, నేనూ మార్చమనట్లేదు. ఏడు నుంచి ఎనిమిది దాకా ఇల్లంతా ఆవిడ రేడియోనే, నాది ఎనిమిది తర్వాతే మొదలు.

ఎలా పెట్టుకుంటున్నానో కూడా చెప్పేస్తా, ఎందుకంటే దీని వల్లే సగం ప్రశాంతత వచ్చింది. బ్రౌజర్‌లో వినడం మానేశా. నా కంప్యూటర్‌లో ర్యామ్ 8 జీబీ, పేజీలు కూర్చే ఇన్‌డిజైన్‌లో బొమ్మల పుస్తకం తెరిచి ఉన్నప్పుడు బ్రౌజర్ కూడా ఉంటే మిషను ఆయాసపడుతుంది, పైగా బ్రౌజర్ తెరిచి ఉంటే చెయ్యి వేరే వాటి మీదకి పోతుంది. వీఎల్‌సీ ప్లేయర్ అందరి దగ్గరా ఉంటుంది కదా, అందులో కంట్రోల్, ఎన్ కలిపి నొక్కితే ఒక డబ్బా తెరుచుకుంటుంది, స్టేషన్ స్ట్రీమ్ అడ్రస్, అంటే నెట్‌లో ఆ రేడియో వచ్చే లింకు, అందులో అతికించి ప్లే అంటే చాలు. ఆ అడ్రసులు సోమా లాంటివాళ్ళు వాళ్ళ సైట్లోనే ఇస్తారు, మిగతావి రేడియో బ్రౌజర్ అనే సైట్లో దొరుకుతాయి, ప్రపంచంలో ఎవరికి తెలిసిన స్టేషన్ వాళ్ళు చేర్చుకుంటూ పోయే పెద్ద జాబితా అది. ఒకసారి పాడాక ప్లేలిస్టుగా సేవ్ చేస్తే చిన్న ఫైలు తయారవుతుంది. అలాంటి ఆరు ఫైళ్ళు నా డెస్క్‌టాప్ మీద ఒక ఫోల్డర్‌లో ఉన్నాయి, ఆరే, ఏడోది చేర్చాలంటే ఒకటి తీసెయ్యాలని నియమం పెట్టుకున్నా. పొద్దున ఏ పని ఉందో చూసుకుని దానికి తగ్గ ఫైలు మీద రెండు నొక్కులు నొక్కి కిందకి దించేస్తా, మధ్యాహ్నం దాకా దాని మొహం చూడను. ఫోన్‌లో వినేవాళ్ళయితే రేడియోడ్రాయిడ్ అని ఆండ్రాయిడ్ యాప్ ఉంది, ఆ జాబితానే వాడుకుంటుంది, ప్రకటనలు లేవు.

డేటా ఎంతవుతుందని మా చెల్లి అడిగింది, దానికి ఇంట్లో వైఫై లేదు. లెక్క తేలికే. కేబీపీఎస్ అంటే సెకనుకి ఎంత డేటా వస్తుందో చెప్పే లెక్క, 128 కేబీపీఎస్ స్ట్రీమ్ గంటకి 58 ఎంబీ దాకా తింటుంది, ఎనిమిది గంటలు వింటే 460. 64 కేబీపీఎస్ అయితే అందులో సగం, 230 ఎంబీ. రోజుకి ఒకటిన్నర జీబీ ప్యాక్ ఉన్నవాళ్ళకి అది పెద్ద బరువేం కాదు, వీడియో పెట్టి ఫోన్ బోర్లించి వినే అలవాటు మానుకుంటే చాలు, బొమ్మ చూడకపోయినా డేటా మాత్రం పోతూనే ఉంటుంది. వాద్య సంగీతానికి ఏఏసీ అనే ఫార్మాట్‌లో 64 కేబీపీఎస్ నాకైతే సరిపోయింది, తంబురా నాదం కొంచెం పల్చబడినట్టు ఉంటుంది అంతే.

ఇప్పుడు పద్ధతి కుదిరింది. తెలుగు ప్రూఫులున్న రోజు ఫిప్, లేకపోతే రాగం. ఇంగ్లీషు ప్రూఫులకి, పగటిపూట యూనికోడ్ మార్పిడికి డ్రోన్ జోన్. పేజీ మేకప్పుకి గ్రూవ్ సలాడ్. యూనికోడ్ మార్పిడి పని సాయంత్రం పూట పెట్టుకుంటే స్విస్ క్లాసిక్. ఆఖరి ప్రూఫు, ప్రెస్సుకి వెళ్ళేముందు చూసేది, అది మాత్రం రాత్రి రెండు తర్వాత, ఏమీ పెట్టుకోకుండా. ఆ ఇంటివైద్యం పుస్తకం రెండో ముద్రణకి మొన్న మళ్ళీ నా దగ్గరికే వచ్చింది, పబ్లిషర్‌గారికి నా మీద నమ్మకం పోలేదు, ముందుగా 117వ పేజీ తీసి చూసుకుని తర్వాతే మొదలుపెట్టా.

ఒక్కటే వెలితి మిగిలింది. కర్ణాటక వాద్యం, అందులోనూ ఆలాపనలు, తానాలు, మృదంగం ఒక్కటే వాయించే తని, ఇవి మాత్రమే 24 గంటలూ, సంగీతం తెలిసిన ఒక మనిషి కూర్చుని ఏ పూటకి ఏ రాగమో చూసుకుని వరస పెట్టే స్టేషన్ నాకింతవరకు దొరకలేదు. అయిదారు ఉన్నాయి కర్ణాటకవి, వాటిల్లో గాత్రం, వాద్యం, భజన అన్నీ కలిపి కంప్యూటరే తిప్పుతున్నట్టుంది, భూపాలం రాత్రి తొమ్మిదింటికి వచ్చింది ఒకదాంట్లో. మన ఊళ్ళలో, అమెరికాలో ఇంత మంది సంగీతం తెలిసినవాళ్ళున్నారు, ఇళ్ళల్లో ఎంతమంది దగ్గర పాత కచేరీల టేపులున్నాయో. హక్కుల చిక్కులు ఉంటాయని తెలుసు, అయినా ఎవరైనా పూనుకుంటే ఏ పాట తర్వాత ఏది రావాలో వరస రాయడానికి, పేర్లు తప్పుల్లేకుండా పెట్టడానికి నేను కూర్చుంటా, డబ్బేం వద్దు. అలాంటిది ఇప్పటికే ఎక్కడైనా నడుస్తుంటే దాని అడ్రస్ ఒక్కటి చెప్పండి, ఆరు ఫైళ్ళలో ఒకటి తీసేసి దానికి చోటిస్తా.